జీవవైద్య పరిశోధనశాల వాకిట మన విద్యార్థులు

విజ్ఞానశాస్త్రాన్ని అభ్యసించే మన విద్యార్థులలో పలువురికి జీవశాస్త్రమంటే వైద్యవిద్య ప్రవేశపరీక్ష అన్న భావమే బలంగా నాటుకొని ఉన్నది. ఆ పరీక్షలో సీటు సంపాదించినవారు అదృష్టవంతులనీ, సంపాదించలేనివారు ఓడిపోయినవారనీ, ఓడిపోయినవారే బి.యస్సీ.లో చేరుతారనీ తల్లిదండ్రులు, బంధువులు, ఒక్కొక్కప్పుడు అధ్యాపకులు సైతం తలపోస్తున్నారు. ఈ తలంపుతోనే మూడేండ్లు గడచిపోతాయి. పట్టా చేతికి వచ్చిన పిమ్మట ఒకరు మందుల కంపెనీ ప్రతినిధిగా, ఒకరు రక్తపరీక్షల కేంద్రంలో సహాయకునిగా, ఒకరు ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయునిగా కుదురుకొంటున్నారు. ఆ వృత్తులన్నీ గౌరవప్రదమైనవే. వాటిని తక్కువచేసి మాట్లాడే ఉద్దేశం మాకు ఎంతమాత్రం లేదు. కాని ఒక దారిని తెలిసి ఎన్నుకొనడం వేరు. వేరొక దారి ఉన్నదనే తెలియక అందులో పడిపోవడం వేరు. ఆ వేరొక దారిని గురించే ఈ వ్యాసం. విశ్వవిద్యాలయాల జీవవైద్య శాస్త్ర విభాగాలలో పరిశోధకులకు, అధ్యాపకులకు, సాంకేతిక సిబ్బందికి గల అవకాశాలెట్టివి, వాటిని అందుకొనడానికి మన విద్యార్థులు, మన కళాశాల పాలకవర్గంవారు ఏమి చేయవలసి ఉన్నది అన్నవే ఇందులోని ప్రశ్నలు.

తెలుగు బోధించేవారికి జీవరసాయన శాస్త్రంతో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. పని ఉన్నది. ఉద్యోగ ప్రకటనలు వెలువడినప్పుడు దరఖాస్తు ఎట్లా రాయాలని, ధ్రువపత్రంలోని మాటకు అర్థమేమిటని మా వద్దకు వచ్చే విద్యార్థులలో సైన్సు చదివేవారే అధికం. వారు తెచ్చే కాగితాలను చదువగా చదువగా మాకు తోచిన దేమనగా, మన పిల్లలకు కొరవడినది తెలివి కాదు, సమాచారం. రెండవ కారణం మా భాషకే సంబంధించినది. దానిని తరువాత విన్నవిస్తాము.

మొదట జీవవైద్య శాస్త్రమంటే ఏమిటో తెలిసికొనవలసి ఉన్నది. రోగికి చికిత్స చేయడం వైద్యుని పని. ఆ రోగం శరీరంలో ఎట్లా పుట్టినది, ఏ కణంలో ఏ మార్పు తెచ్చినది, ఏ ఔషధం ఆ మార్పును ఎక్కడ అడ్డుకొనగలదు అని శోధించడం జీవవైద్య శాస్త్రజ్ఞుని పని. జీవరసాయన శాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, జన్యుశాస్త్రం, రోగనిరోధక శాస్త్రం, ఔషధశాస్త్రం, శరీరధర్మ శాస్త్రం ఈ కుటుంబంలోనివి. వీటిలో పరిశోధన చేయడానికి యం.బి.బి.యస్. పట్టా తప్పనిసరి కాదు. బి.యస్సీ., దానిపై యం.యస్సీ. చదివినవారికి ఈ వాకిలి తెరచియే ఉన్నది.

ఆ వాకిలి మనకు దూరమూ కాదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది సికిందరాబాదులోనే. ఉర్దూ మాధ్యమంగా 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రాన్ని సైతం ఉర్దూలో బోధించారు. నేడు అదే విశ్వవిద్యాలయంలో జీవరసాయన, జన్యు, సూక్ష్మజీవశాస్త్ర విభాగాలున్నాయి. 1918లో కూనూరులో మెక్కారిసన్ బెరిబెరి వ్యాధిపై ప్రారంభించిన చిన్న పరిశోధనశాల క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు ధరించినది. 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, 1977లో పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఏర్పడినవి; పిమ్మట డి.ఎన్.ఎ. వేలిముద్రల కేంద్రం వచ్చినది. విశాఖపట్టణంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉండనే ఉన్నాయి. రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి చేరగల ఊళ్ళలో ఇన్ని సంస్థలుండగా, మన కళాశాల నుండి వాటి గడప తొక్కినవారు వేళ్ళమీద లెక్కింపదగినవారే కావడం విచారకరం.

ఇక ఉద్యోగాల విషయం. ఈ విభాగాలలో పనిచేసేవారిని స్థూలంగా మూడు తరగతులుగా విభజింపవచ్చును. మొదటివారు అధ్యాపకులు. సహాయ ఆచార్య పదవితో మొదలై సహ ఆచార్య, ఆచార్య పదవుల వరకు ఈ నిచ్చెన సాగుతుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో సహాయ ఆచార్యుని మూలవేతనం 57,700 రూపాయలతో ఆరంభమవుతుంది. రెండవవారు పరిశోధకులు. పిహెచ్.డి. చేసే విద్యార్థులు, పిహెచ్.డి. ముగించి ఒక ఆచార్యుని వద్ద రెండు మూడేండ్లు పనిచేసేవారు, ఒక ప్రాజెక్టు కోసం నియమింపబడినవారు ఈ కోవలోనివారు. మూడవవారిని గురించి మన విద్యార్థులు విననే వినరు. వారే సాంకేతిక, పరిపాలనా సిబ్బంది.

పరిశోధనశాల ఆచార్యుని మేధస్సుతో మాత్రమే నడువదు. ఎలుకలను పెంచే శాలను శుభ్రంగా, చట్టబద్ధంగా నిర్వహించేవారు కావాలి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని, కణాలను లెక్కించే యంత్రాలను నడిపేవారు కావాలి. మైనస్ 80 డిగ్రీల శీతల పేటికలలో వేలకొలది రక్త నమూనాలను వరుస తప్పకుండా భద్రపరచేవారు కావాలి. గణాంకాలు చూచేవారు, రసాయనాల కొనుగోలు చూచేవారు, గ్రంథాలయం చూచేవారు కావాలి. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, అనగా సి.యస్.ఐ.ఆర్. సంస్థలలో టెక్నీషియన్ ఉద్యోగానికి పదవ తరగతితోబాటు ఐ.టి.ఐ. సర్టిఫికెట్ ఉన్నవారు సైతం పోటీపడవచ్చును; మూలవేతనం 19,900 రూపాయలు. టెక్నికల్ అసిస్టెంటుకు బి.యస్సీ. లేక డిప్లొమాతోబాటు సంబంధిత రంగంలో అనుభవం వంటి అదనపు అర్హత కావాలి. మూలవేతనం 35,400 రూపాయలు. ఇవి శాశ్వతోద్యోగాలు. బి.యస్సీ. పట్టాతో నెలకు పదివేలకు ప్రైవేటు పాఠశాలలో చేరే విద్యార్థికి ఈ సంగతి తెలిసి ఉండనక్కరలేదా?

పరిశోధనకు ప్రధానమైన దారి యం.యస్సీ. మీదుగా సాగుతుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు 2022 నుండి యం.యస్సీ. ప్రవేశాలను ఉమ్మడి పరీక్ష ద్వారా జరుపుతున్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు రాష్ట్రస్థాయి ఉమ్మడి పరీక్షలున్నాయి. యం.యస్సీ. తరువాత సి.యస్.ఐ.ఆర్.–యు.జి.సి. వారి జాతీయ అర్హత పరీక్ష ముఖ్యమైనది. జీవశాస్త్రాల ప్రశ్నపత్రం 200 మార్కులకు, 3 గంటల వ్యవధిలో ఉంటుంది. మొదటి భాగంలో సామాన్య తార్కిక ప్రశ్నలు 20 ఇచ్చి 15 రాయమంటారు. రెండవ భాగంలో 50కి 35. మూడవ భాగంలో 75కి 25 మాత్రమే. ఈ లెక్కను విద్యార్థులు శ్రద్ధగా గమనించాలి. నూరు మార్కుల మూడవ భాగంలో మూడింట రెండు వంతుల ప్రశ్నలను వదలివేయవచ్చును. సమస్తం తెలిసినవాడు గాక, తెలిసినదానిని లోతుగా తెలిసినవాడు గెలిచే పరీక్ష ఇది. అట్టి పరీక్షకు బట్టీపట్టిన నోట్సు పనికిరాదు. ఒక ప్రయోగాన్ని వర్ణించి, దాని ఫలితమేమై ఉంటుందో చెప్పమనే ప్రశ్నలు మూడవ భాగంలో అధికం.

ఈ పరీక్షలో జూనియర్ రిసర్చి ఫెలోషిప్పు సాధించినవారికి 2023 జనవరి నుండి తొలి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపై 42,000 రూపాయలు, దానితో ఇంటి అద్దె భత్యం లభిస్తున్నవి. 2024 నుండి మరొక మార్పు వచ్చినది. ఫెలోషిప్పు రాకపోయినను, తరువాతి శ్రేణులలో ఉత్తీర్ణులైనవారు ఆ మార్కులతోనే పిహెచ్.డి. ప్రవేశానికి అర్హులవుతున్నారు, అందులో 70 శాతం విలువ పరీక్షకు, 30 శాతం మౌఖిక పరీక్షకు ఇస్తున్నారు. జీవసాంకేతిక శాఖవారి పరీక్ష, భారత వైద్య పరిశోధన మండలివారి పరీక్ష వేరుగా ఉన్నాయి. పిహెచ్.డి. తరువాత 2023 చట్టం ద్వారా ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థవారి ఫెలోషిప్పులు, హైదరాబాదు కేంద్రంగా 2008లో ఆరంభమైన ఇండియా అలయన్స్ వారి ఫెలోషిప్పులు ఉన్నాయి.

ఇంతవరకు వెలుగును చూపినాము. నీడను దాచడం అధ్యాపక ధర్మం కాదు. ఈ దారి దీర్ఘమైనది. పిహెచ్.డి.కి కనీసం మూడేండ్లని నిబంధన చెబుతున్నది; జీవవైద్య శాస్త్రాలలో సాధారణంగా ఐదేండ్లు, ఆరేండ్లు పడుతున్నది. అటుపై రెండు మూడేండ్ల తాత్కాలిక పరిశోధన. ముప్పది నాలుగు, ముప్పది ఐదేండ్ల వయస్సు వచ్చేవరకు స్థిరమైన ఉద్యోగం లేనివారు ఎందరో ఉన్నారు. ఫెలోషిప్పు సొమ్ము నెలనెలా సకాలంలో అందదు. ప్రాజెక్టు ముగిసిననాడు దానిపై నియమితులైనవారి ఉద్యోగమూ ముగుస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఏండ్ల తరబడి భర్తీ కాని అధ్యాపక పదవులు ఎన్నో. వాటి స్థానంలో కాంట్రాక్టు పద్ధతిపై, గంటల లెక్కన పాఠాలు చెప్పేవారు ఎందరో.

నిబంధనలు సైతం మాటిమాటికి మారుతున్నవి. వైద్య కళాశాలలలో యం.యస్సీ., పిహెచ్.డి. చదివినవారు అధ్యాపకులుగా ఉండగల వాటాను 2020లో బాగా తగ్గించి, సూక్ష్మజీవశాస్త్ర, ఔషధశాస్త్ర విభాగాల నుండి వారిని పూర్తిగా మినహాయించారు. 2025లో వచ్చిన నిబంధనలు ఆ రెండు విభాగాలను మరల వారికి తెరచినవి. నడుమ ఐదేండ్లలో చదువు ముగించిన వారి గతి ఏమి? అందుచేత ఒకే పదవిని గురిపెట్టి జీవితాన్ని అంతా దానిపై పందెం కాయరాదని మా అభిప్రాయం. అధ్యాపకపదవి, పరిశోధక పదవి, సాంకేతికోద్యోగం, ఔషధ పరిశ్రమ, టీకాల పరిశ్రమ ఈ నాలుగైదింటిని దృష్టిలో ఉంచుకొని అన్నింటికి పనికివచ్చే నైపుణ్యాన్ని చేతికి అలవరచుకొనేవాడే వివేకి. 2020లో కరోనా వ్యాపించినప్పుడు పరిశోధన సంస్థలు సైతం రోగ నిర్ధారణ పరీక్షలకు పూనుకొన్నవి. నిన్నటివరకు సిద్ధాంతవ్యాసానికి పనికివచ్చిన చేతినేర్పు ఆనాడు ప్రాణాలు నిలిపే పనికి వచ్చినది.

మనవంటి అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు మరొక ఇబ్బంది తోడైనది. ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, పార్శీ, జైన విద్యార్థుల పిహెచ్.డి. చదువుకై 2009లో ప్రారంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును 2022–23 నుండి నిలిపివేశారు. ఇతర పథకాలు ఆ విద్యార్థులకు సైతం వర్తిస్తున్నవని, ఒకదానిపై ఒకటి వస్తున్నవని ప్రభుత్వం 2022 డిసెంబరులో పార్లమెంటులో కారణం చెప్పినది. ఆ కారణంతో మేము ఏకీభవింపలేము. ఇతర పథకాలలో పోటీకి దిగగల స్థితికి ఇంకా చేరని తరగతులను చేయిపట్టి తీసికొనివచ్చుటకే గదా అట్టి ఫెలోషిప్పు! దానిని పునరుద్ధరింపవలెనని కోరడం మన హక్కు. అయితే కోరుతూ కూర్చొనడం వలన నేటి విద్యార్థికి కడుపు నిండదు. నేడు ఉన్న వాకిళ్ళలో ఏది మనకు తెరచి ఉన్నదో చూచుకొనాలి.

ఇక్కడ ఒక వ్యావహారిక విషయం చెప్పక తప్పదు. మన రాష్ట్రాలలో బి.సి.–ఇ వర్గంలో చేరినవారికి రాష్ట్ర విద్యాసంస్థలలో, రాష్ట్రోద్యోగాలలో 4 శాతం రిజర్వేషను ఉన్నది. కేంద్ర సంస్థలలో ఆ పేరుతో ప్రత్యేకమైన వాటా లేదు. తమ వర్గం కేంద్ర ఓ.బి.సి. జాబితాలో ఉన్నదో లేదో విద్యార్థి ముందుగానే చూచుకొని, ఉన్నచో క్రీమీలేయరు కాదన్న ధ్రువపత్రాన్ని, లేనిచో 2019 నుండి అమలులో ఉన్న ఆర్థికంగా వెనుకబడినవారి ధ్రువపత్రాన్ని కేంద్ర నమూనాలోనే సంపాదించాలి. రాష్ట్ర నమూనాలో పత్రం జతచేసి, అర్హత ఉండియు సామాన్య తరగతిలోనికి నెట్టబడిన దరఖాస్తులను మేము చూచి ఉన్నాము. మండల కార్యాలయంలో ఒక్క కాగితం మారినందున ఒక్క సంవత్సరం పోతుంది.

ఈ సందర్భంలో ఒక తెలుగువాని చరిత్రను స్మరించడం అవసరం. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, పరిశోధన చేయాలన్న తపనతో 1920 దశకం తొలినాళ్ళలో అమెరికా చేరినాడు. హార్వర్డులో చదువు సాగించుటకు ఆసుపత్రిలో రాత్రివేళ పోర్టరుగా పనిచేసినాడు. 1925లో ఫిస్కేతో కలసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనుగొన్నాడు. నేటికిని జీవరసాయన విద్యార్థులు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతోనే దానిని నేర్చుకొంటున్నారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలపై అసాధారణమైన కృషి చేసినాడు. అంతటివానికి హార్వర్డు విశ్వవిద్యాలయం స్థిరమైన అధ్యాపక పదవిని ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లీ అన్న ఔషధ సంస్థకు తరలిపోయి, అచ్చట ఫోలికామ్లం, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్, క్యాన్సరు చికిత్సకు బాటవేసిన మందులు వెలువడుటకు నాయకత్వం వహించినాడు. 1948లో మరణించేనాటికి ఆయన వయస్సు 53 మాత్రమే.

ఈ చరిత్రను మన సభలలో త్యాగగాథగా చెప్పి చప్పట్లు కొట్టించడం పరిపాటి. మేము దీనిలో వేరొక పాఠం చూస్తున్నాము. ఆసుపత్రిలో చిన్న పని ఆయనకు అవమానం కాలేదు. పెద్ద విశ్వవిద్యాలయంలో పదవి దొరకకపోవడం ఆయన కృషికి అంతం కాలేదు. పదవి ఒకటి, పని మరొకటి అని గ్రహించినవానికే ఈ రంగంలో నిలకడ ఉంటుంది. అదే సమయంలో విశ్వవిద్యాలయాలు గ్రహింపవలసిన పాఠమూ ఉన్నది. ప్రతిభావంతుని తాత్కాలికునిగానే ఉంచి ఏండ్లు గడిపే సంస్థ చివరకు అతనిని పోగొట్టుకొంటుంది.

మన వర్గం నుండి అట్టివారు రారన్న నిరాశకూ ఆధారం లేదు. 1932లో జన్మించి అలీగఢ్‌లో చదివిన ఒబైద్ సిద్దీఖీ గ్లాస్గోలో జన్యుశాస్త్ర పరిశోధన చేసి, హోమీ భాభా ఆహ్వానంపై 1962లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో అణుజీవశాస్త్ర విభాగాన్ని స్థాపించినాడు. బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రానికి ఆయనే వ్యవస్థాపకుడు. ఈగ వాసనను, రుచిని ఎట్లా గ్రహిస్తుందన్న ప్రశ్నపై ఆయన చేసిన కృషి లోకప్రసిద్ధం.

విద్యార్థులు మాతో చెప్పే సందేహాలు మూడు. మొదటిది ఆంగ్లం. జాతీయ అర్హత పరీక్ష ప్రశ్నపత్రం ఆంగ్లంలో, హిందీలో మాత్రమే ఉంటుంది. తెలుగులో లేదు, ఉర్దూలో లేదు. ఇది అన్యాయమే. కాని జీవశాస్త్ర ఆంగ్లం నవలల ఆంగ్లం వంటిది కాదు. వాక్యాలు పొట్టివి, పదాలు పరిమితమైనవి. దినానికి ఒక్క పుట చొప్పున పాఠ్యగ్రంథాన్ని ఆంగ్లంలో చదివి, దాని సారాంశాన్ని తెలుగులోనో ఉర్దూలోనో తన మాటలలో రాసికొనే విద్యార్థికి రెండేండ్లలో ఆ భయం తొలగిపోతుంది. స్వభాషలో చెప్పలేనిదానిని అర్థమైనదని అనుకొనడం భ్రమ.

రెండవ సందేహం ఇంటివారిది. “మా అబ్బా ఒప్పుకోరు సార్, ఇన్నేండ్లు చదివితే సంపాదన ఎప్పుడంటారు” అని విద్యార్థులంటారు. ఆ తండ్రి ప్రశ్న న్యాయమైనదే. ఇంటిలో నలుగురు తమ్ములు, చెల్లెండ్లు ఉన్నవానిని ఆరేండ్లు ఆగుమనడం సులభం కాదు. అయితే ఫెలోషిప్పు వచ్చిన పరిశోధక విద్యార్థి ఇంటికి భారం కాడు, ఇంటికి పంపగలవాడు కూడా. ఫెలోషిప్పు లేకుండ పిహెచ్.డి.లో చేరవద్దని మాత్రం పేద విద్యార్థులకు మా సలహా. ఫెలోషిప్పు రానిచో మొదట సాంకేతికోద్యోగంలో కుదురుకొని, పిమ్మట చదువు కొనసాగించవచ్చును.

మూడవ సందేహం ఆడపిల్లలది. మన జీవశాస్త్ర తరగతులలో వారే అధికం, మొదటి శ్రేణిలో నిలిచేవారూ వారే. యం.యస్సీ. అనగానే పెండ్లి మాట వస్తుంది. 2022 నాటి యు.జి.సి. నిబంధనలు స్త్రీలకు పిహెచ్.డి. గడువును మరి రెండేండ్లు పొడిగించినవి. ప్రసూతికి, శిశుసంరక్షణకు 240 దినాల వరకు సెలవు ఇచ్చినవి. అనగా పెండ్లి, సంసారం ఉన్న స్త్రీని దృష్టిలో ఉంచుకొనియే నియమాలు వ్రాసినారు. నియమం ఇచ్చిన వెసులుబాటును ఇల్లు ఇవ్వకపోవడం సబబా? తల్లిదండ్రులు ఆలోచింపగలరు.

ఇక మా భాషకు సంబంధించిన విషయం. మనుష్యులపై జరిగే ప్రతి జీవవైద్య పరిశోధనకు ముందు ఆ పరిశోధన ఏమిటో రోగికి తెలిసే భాషలో వివరించి, అతని అంగీకారాన్ని పొందాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాలు శాసిస్తున్నాయి. ఆ సమాచార పత్రాన్ని ఎవరు రాస్తున్నారు? ఆంగ్ల మూలాన్ని మాటకు మాటగా మార్చిన తెలుగు పత్రాలు చదువరికే అర్థం కావు; చదువురానివారి మాట చెప్పనక్కరలేదు. తెలుగులో ‘పరీక్ష’ అన్న ఒక్క మాటే ఉన్నది. రక్తం తీసి చూచేదీ పరీక్షే, కొత్త మందును మనిషికి ఇచ్చి చూచేదీ పరీక్షే. ‘మీకు పరీక్ష చేస్తాము’ అన్నప్పుడు రోగి మొదటిదే అనుకొని వేలిముద్ర వేస్తాడు. ‘ప్రయోగం’ అందామా, పల్లెలో ఆ మాటకు చేతబడి అన్న అర్థం ఉన్నది. ఉర్దూలో ‘తజ్రిబా’ అంటే ప్రయోగం, అనుభవం రెండూ అవుతాయి. ‘ఈ మందుకు తజ్రిబా ఉన్నది’ అంటే ఏమని గ్రహించాలి? రెండు భాషలలోను రోగి మనసు తెలిసి, శాస్త్రమూ తెలిసిన వ్యక్తి మాత్రమే ఈ చిక్కు విప్పగలడు.

అట్టి వ్యక్తులు ఎక్కడ లభిస్తారు? ఉర్దూ, తెలుగు రెండింటిలోను మాట్లాడుతూ జీవశాస్త్రం చదివే విద్యార్థులు ఉన్న కళాశాల మనది. పాతబస్తీ ఆసుపత్రిలో అమ్మమ్మతో ఉర్దూలో, పక్కనున్న పల్లెటూరి రైతుతో తెలుగులో ఒకే విషయాన్ని తడబడకుండా చెప్పగలిగినవారు మన పిల్లలు. రోగుల వివరాలు సేకరించే క్షేత్ర పరిశోధకులుగా, జన్యువ్యాధుల సలహాదారులుగా, సమాచార పత్రాల రచయితలుగా వారికి సరితూగేవారు అరుదు. లోటని భావించి మనవారు దాచుకొనే రెండు భాషల సంసారమే ఇక్కడ అర్హత అవుతున్నది. 2019 నాటి నూతన ఔషధ నియమాల ప్రకారం నైతిక సంఘంలో కనీసం ఏడుగురు సభ్యులుండాలి. వారిలో న్యాయం తెలిసినవారు, ఒక స్త్రీ, శాస్త్రజ్ఞుడు కాని సామాన్యుడు తప్పక ఉండాలి. సగంమంది ఆ సంస్థకు వెలుపలివారై ఉండాలి. అనగా సాహిత్యం, చరిత్ర, సమాజశాస్త్రం చదివినవారికి సైతం ఈ రంగంలో స్థానమున్నది.

చివరగా కళాశాల పాలకవర్గంవారికి కొన్ని సూచనలు సవినయంగా సమర్పిస్తున్నాము. మొదటిది: పరిశోధన సంస్థల ప్రకటనలను సేకరించి, కడపటి తేదీతో సహా తెలుగులోను ఉర్దూలోను ప్రకటన ఫలకంపై పెట్టే బాధ్యతను ఒక అధ్యాపకునికి అప్పగించాలి. రెండవది: గత సంవత్సరాల జాతీయ అర్హత పరీక్ష ప్రశ్నపత్రాలు, మంచి జీవరసాయన గ్రంథాలు రెండేసి ప్రతులు గ్రంథాలయంలో ఉంచాలి. మూడవది: దరఖాస్తు రుసుముకు, మౌఖిక పరీక్షకు పోవు బండి ఖర్చుకు తిరిగి చెల్లించు పద్ధతిపై చిన్న నిధిని ఏర్పరచాలి. వార్షికోత్సవ అలంకరణకు వెచ్చించే సొమ్ములో కొంత చాలును. నాలుగవది: దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలసి ప్రతి వేసవిలో విద్యార్థులకు, అధ్యాపకులకు ఇచ్చే రెండు మాసాల పరిశోధన ఫెలోషిప్పుకు ప్రతి సంవత్సరం మన కళాశాల నుండి దరఖాస్తులు పోవాలి. ఐదవది అన్నింటికంటె ముఖ్యమైనది: ప్రయోగశాలలో విద్యార్థి చేతికి పరికరం అందాలి. పలు కళాశాలలలో ప్రయోగమంటే రికార్డు పుస్తకంలో బొమ్మ గీసి సంతకం పెట్టించుకొనడమే. మైక్రోలీటరును కొలిచే పిపెట్టు పట్టనివాడు మౌఖిక పరీక్షలో మొదటి ప్రశ్నకే దొరికిపోతాడు. ఈ ఐదింటిలో ఏదీ లక్షలు కోరేది కాదు. ఒకరు పూనుకొని చేయాలన్నదే కొరత.

విద్యార్థి మిత్రులారా! వైద్యకళాశాలలో సీటు రానంత మాత్రాన రోగపీడితులకు సేవచేసే భాగ్యం మీకు తప్పిపోలేదు. ఒక వైద్యుడు తన జీవితంలో చూడగల రోగులకు ఒక లెక్క ఉంటుంది. పరిశోధనశాలలో కనుగొన్న ఒక పద్ధతికి, ఒక మందుకు అట్టి లెక్క లేదు. ఈ దారిలో కష్టమున్నదని, ఆలస్యమున్నదని దాచకుండా చెప్పినాము. తెలిసి నడిచేవారికి ఆ కష్టం సగం తగ్గుతుంది. ఈ సంవత్సరం మన జీవశాస్త్ర విభాగం నుండి కనీసం ఐదుగురు యం.యస్సీ. ప్రవేశపరీక్షలకు, ఇద్దరైనా వేసవి ఫెలోషిప్పుకు దరఖాస్తు చేయాలని మా కోరిక. దరఖాస్తు నింపడంలో సందేహం కలిగినవారు మధ్యాహ్న విరామంలో తెలుగు శాఖకు రావచ్చును. కేంద్ర నమూనా ధ్రువపత్రం మాత్రం మరువకుండా వెంట తీసికొని రావాలి.